ఏడవని పెళ్ళిపాత్ర

పోయిన వారం మా వదిన ఒట్టావియా చెయ్యి అద్దాల బీరువాలో ఉండగా కథ ఆపేశాను. ఇదేం పద్ధతి జెమ్మా అని నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. తిట్టండి, పడతాను. ఆ చెయ్యి బయటికొచ్చాక జరిగింది చెప్పడానికి నేనూ కాస్త గుండె చిక్కబట్టుకోవాలి కదా.

ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి నాలుగు మాటల్లో చెప్తాను. మురానో దీవిలో కాలవ గట్టున, గాజు బట్టీని ఆనుకుని ఉన్న ఇల్లు మా అన్నయ్య ఎలియోది. ఒకప్పుడు అన్నయ్య గాజు ఊదే గొట్టం పట్టుకుంటే పక్క బట్టీల వాళ్ళు కూడా పని ఆపుకుని వచ్చి చూసేవారు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడైపోయి, వంటింట్లో పొయ్యి పక్కన కుర్చీకి అతుక్కుపోయాడు. మా ఆయన పోయాక నేను వెనిస్‌లో పూసలు గుచ్చే పని మానేసి వీళ్ళ పంచన చేరాను. వదినకి గాజు పిచ్చి. బజార్లో సీజనుకి వచ్చే జనం కొనుక్కుపోయే గాజు కాదు, ఎన్నో తరాల కిందట ఈ దీవిలోనే ఊదిన పాత గాజు. శిథిలమైన మేడల్లో, మఠాల్లో, వేలంపాటల్లో వెతికి వెతికి తెచ్చుకుంది. పై గది నిండా బీరువాలు, బీరువాల నిండా అవే.

వాళ్ళ బిడ్డ మాట కూడా చెప్పాలి. ఒక్కగానొక్క కూతురు, డోరీనా. పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని వయసులో జ్వరమొచ్చి పోయింది. మా దీవుల్లో చచ్చినవాళ్ళకి కూడా చోటు కరువే. కొన్నేళ్ళు మట్టిలో పడుకోనిస్తారు. తరవాత ఎముకలు తీసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. తీసే రోజున సొంతవాళ్ళు వెళ్ళి నిలబడి, వాటిని చిన్న పెట్టెలో పెట్టించి, గోడలో ఓ గూడు తీసుకుని పేరు చెక్కించుకోవాలి. వదిన వెళ్ళలేదు, అన్నయ్యని వెళ్ళనివ్వలేదు. "నా బిడ్డని నేను అలా చూడలేను" అని లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. దిక్కులేనివాళ్ళ ఎముకలతో పాటు డోరీనావీ కలిపేశారు. ఆ పిల్ల పేరు ఇవాళ ఈ భూమ్మీద ఏ రాతి మీదా లేదు.

అందుకే త్రెవీజోలో కొత్తగా కడుతున్న ప్రదర్శనశాల వాళ్ళు, "మీ గాజంతా ఒకే గదిలో పెడతాం, గుమ్మం మీద మీ అమ్మాయి పేరు చెక్కిస్తాం" అన్నప్పుడు వదిన మొహంలో నేను ఏళ్ళ తరబడి చూడని వెలుగు చూశాను. జీవితమంతా కూడబెట్టిన గాజుని ఉత్త పుణ్యానికి ఇచ్చేస్తానంది. వాళ్ళ షరతు ఒక్కటే. అన్నీ అసలువి అయ్యుండాలి. ఒక్కటి నకిలీదని తేలినా మొత్తం వెనక్కి పంపేస్తారు. వదిన నవ్వేసింది. "నా బీరువాలో నకిలీయా!" అంది.

ఆ గాజుని పరీక్ష చెయ్యడానికే ఆ పొద్దున డాక్టర్ మరంగోన్ వచ్చింది. మనుషుల డాక్టరు కాదు లెండి, గాజు చదువు చదివిన డాక్టరమ్మ. నాలుగు రోజులుగా దక్షిణపు గాలి వీస్తోంది. గోడలు చెమ్మగిల్లాయి, ఉప్పు ముద్దకట్టింది, ఆరేసిన బట్టలు ఆరడం లేదు. వదిన ముందుగా తన పెళ్ళిపాత్రల జంటని చూపించాలని బీరువాలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా వచ్చింది.

"పైకప్పు కారుతోందా వదినా?" అన్నాను.

వదిన వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుని చూసుకుంది. జిగటగా జారుతున్నాయి, సబ్బు సరిగ్గా కడుక్కోని చేతుల్లా.

"కప్పు కాదు జెమ్మా. గాజే కారుతోంది."

డాక్టరమ్మ కంగారు పడలేదు. అది చూసే నాకు భయం వేసింది. సంచిలోంచి రంగు కాగితం ముక్కలు తీసి, ఒక్కో పాత్రకీ ఒక్కో ముక్క ఆనించి చూడడం మొదలుపెట్టింది. ఆనించిన ప్రతి ముక్కా నీలంగా మారింది. పక్షి మూతి కూజా, పాలరంగు పళ్ళెం, మఠం నుంచి తెచ్చిన దీపం, ఏదీ మిగల్లేదు. అన్నిటి మీదా సన్నగా చెమట పట్టినట్టు చుక్కలు.

"ఇది గాజుకి వచ్చే జబ్బు సిన్యోరా. మీరు వినే ఉంటారు."

"విన్నాను, వేరేవాళ్ళ ఇళ్ళల్లో," అంది వదిన.

"పాతకాలం పనివాళ్ళు గాజు నీళ్ళలా తేటగా రావాలని, కలిపే బూడిదని మరీ శుభ్రం చేసేశారు. గాజుని గట్టిగా పట్టి ఉంచే సున్నం కూడా దాంతోపాటే పోయింది. ఇలాంటి చెమ్మ గాలికి లోపలి ఉప్పంతా నీరై బయటికొస్తుంది. ముందు ఇలా ఏడుస్తుంది. తరవాత మసకబారుతుంది. తరవాత వెంట్రుకల్లాంటి బీటలు పడతాయి. ఒకరోజు ఎవరూ ముట్టుకోకుండానే అరలో పొడైపోతుంది."

"మందేం లేదా?"

"లేదండీ. పొడి గాలిలో మూసి పెడితే కొంచెం నెమ్మదిస్తుంది. ఆగదు."

వదిన తల ఊపింది. వెర్రిదానిలా నేనే అడిగాను, "పోనీ ఉప్పు కడిగేస్తే?" అని. డాక్టరమ్మ నా వైపు జాలిగా చూసింది. నాకు ఒళ్ళు మండింది కానీ నోరు మూసుకున్నాను.

"మాకు ఏడ్చే గాజైనా అభ్యంతరం లేదు," అందామె. "పొడి గాలి బీరువాలు చేయిస్తాం. ఉన్నన్నాళ్ళు ఉంటాయి. అసలువి అయితే చాలు."

చివరికి పెళ్ళిపాత్రల దగ్గరికొచ్చింది. ఎప్పుడో ఏ గొప్పింటి పెళ్ళికో చేయించిన జంట అది. సన్నటి కాడ, కాడ పొడుగునా రెండు నీలం పాములు మెలివేసుకుని ఉంటాయి. పెళ్ళినాడు వైను తాగడానికి పెళ్ళికొడుక్కి ఒకటి, పెళ్ళికూతురికి ఒకటి. మొదటిదానికి కాగితం ఆనించింది, నీలమైంది. రెండోదానికి ఆనించింది. కాగితం రంగు మారలేదు. ఇంకో ముక్క తీసి ఆనించింది. అదీ మారలేదు.

"ఇదొక్కటన్నా బాగుంది!" అంది వదిన. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టినంత పని చేసింది. "చూశావా జెమ్మా, ఇదొక్కటి బతుకుతుంది!"

డాక్టరమ్మ రెండు పాత్రల్నీ కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టింది. "ఈ రెండూ ఒకే రోజు, ఒకే కుండలోంచి తీసిన గాజుతో చేసినవని మీరే అన్నారు కదా," అంది మెల్లగా.

వదిన చప్పట్లు కొట్టబోయిన చేతులు అలాగే ఉండిపోయాయి. నాకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది గానీ ఆమెకి పట్టలేదు. ఒక కుండలో కరిగిన గాజుకి ఒకే రోగం రావాలి. ఒకటి ఏడుస్తూ ఇంకోటి నిక్షేపంలా ఉందంటే, ఆ రెండోది ఆ కుండలో పుట్టలేదన్నమాట.

డాక్టరమ్మ మంచిదే, పాపం. సంచి భుజాన వేసుకుంది. "మా డైరెక్టరుకి ఫోన్ చెయ్యాలి. వంతెన దగ్గర కాఫీ తాగి వస్తాను. ఈలోగా మీరు ఆలోచించుకోండి సిన్యోరా. నేను అడక్కముందే మీరే చెప్తే నాకు సులువుగా ఉంటుంది," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వదిన చెమ్మ పట్టని ఆ పొడిపాత్రని చేత్తో పట్టుకుని వంటింట్లోకి దిగింది. వెనకాలే నేను. గాజుని ఆ గది దాటించడం నేను వచ్చాక ఒక్కసారి కూడా చూడలేదు.

పొయ్యి మీద మొక్కజొన్న పిండి కుతకుత ఉడుకుతోంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని గరిటెతో తిప్పుతున్నాడు, ఊపిరి ఆడినప్పుడు రెండు తిప్పులు, ఆడనప్పుడు ఆగడం. పక్కన ఉల్లిపాయల్లో ఊరేసిన చేపలు. వదిన చేతిలో ఉన్నది చూసి గరిటె వదిలేశాడు.

"ఇది ఎవరు ఊదారు ఎలియో?"

కాదు కూడదు అని బుకాయిస్తాడనుకున్నాను. అన్నయ్య ఆ పాత్రకేసి కాసేపు చూశాడు. ఆ మొహంలో, నిజం చెప్తున్నాను, ముందు కనపడింది గర్వం.

"బాగానే వచ్చింది కదా," అన్నాడు. "పాములు మెలిపడే చోట చాలాసార్లు విరిగిపోయింది. చివరికి దారికొచ్చింది. పాదం పాతగా కనపడాలని రాయి మీద రుద్దాను."

"నీ పనితనం పాడుగాను! దొంగా! నా బీరువా తాళంచెవి నీ చేతికి ఎలా వచ్చింది?"

"నువ్వు దాన్ని ఉప్పు డబ్బాలో దాస్తావు. ఈ వీధిలో పిల్లులక్కూడా తెలుసు ఆ సంగతి."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నాలుక కరుచుకున్నాను. వదిన మొహం చూస్తే పాలిపోయి ఉంది.

"అసలుది ఏం చేశావు? ఎవడికి అమ్ముకున్నావు?"

"అమ్మలేదు."

"మరి?"

"పగిలింది."

"ముక్కలేవి?"

"కుండలో వేశాను."

వదిన బల్ల పట్టుకుంది. ఇక్కడ మీకో మాట చెప్పాలి. మా దీవిలో గాజు పగిలితే ఎవరూ చెత్తలో వెయ్యరు. ఊడ్చి, ఏరి, బట్టీ దగ్గర పాత గాజు పెట్టెలో పోస్తారు. అది మళ్ళీ కుండలోకి వెళ్ళి కరుగుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేసే పని కాబట్టి చేతులు వాటంతటవే చేసేస్తాయి. ఇంకో ఊరి మనిషైతే ఆ ముక్కల్ని గుడ్డలో మూటకట్టి దాచేవాడు. అతికించేవాళ్ళు ఎవరైనా దొరికేవారేమో. మా అన్నయ్య మురానో వాడు.

"ముక్కలైనా ఉంచలేకపోయావా? ఒక్క ముక్కైనా?"

"ముక్కలు ఎవరుంచుకుంటారే?" అన్నాడు అన్నయ్య, అదేం ప్రశ్న అన్నట్టు. "పగిలింది ఎక్కడికి పోతుంది? కుండలోకి పోయి మళ్ళీ గాజే అవుతుంది. ఆ వారం మేం ఏదో హోటలు వాళ్ళకి వేలాడే దీపాల కొమ్మలు పోస్తున్నాం. వాటిల్లో కలిసింది."

"దీపాల కొమ్మలు," అంది వదిన. "అంత పాతది, అంత చక్కటిది. హోటలు దీపాల కొమ్మలు!"

గాజుని అంతలా ప్రేమించడం నాకు ఎన్నడూ అర్థం కాలేదు. చెట్టంత మనిషి పక్కనుంటే అతన్ని పలకరించకుండా కూజాలతో మాట్లాడే ఆడదాన్ని చూసి ఎన్నోసార్లు విసుక్కున్నాను. అయినా సరే ఆ క్షణంలో జాలేసింది.

"ఎప్పుడు?" అంది.

అన్నయ్య గరిటె తీసుకుని పిండి తిప్పడం మొదలుపెట్టాడు.

"నిన్నే అడుగుతున్నా! ఎప్పుడు పగిలింది?"

"చెప్పేయ్ అన్నయ్యా," అన్నాను నేను. "ఎలాగూ బయటపడింది. ఎప్పుడైతే ఏంటిప్పుడు?"

అలా అనకుండా ఉండాల్సిందని తరవాత అనిపించింది కానీ, నాకేం తెలుసు?

"నువ్వు ఫ్లోరెన్స్ వెళ్ళినప్పుడు," అన్నాడు.

"వంద సార్లు వెళ్ళాను ఫ్లోరెన్స్. ఏ సారి?"

"డోరీనా సారి."

పిండి కుతకుతమంటోంది. ఎవరూ దాన్ని దించలేదు. వదిన నెమ్మదిగా కూర్చుంది, అన్నయ్యకి ఎదురుగా. ఆ బల్ల దగ్గర వాళ్ళిద్దరూ ఒకేసారి కూర్చోవడం నేను చూడలేదు. అన్నయ్య తిని లేచాక వదిన తినేది. డోరీనా పోయినప్పటి నుంచీ అదే వరస. ఆ సంగతి వీధంతటికీ తెలుసు, ఎందుకో కూడా తెలుసు. వదిన ఫ్లోరెన్స్ వేలంపాటకి వెళ్ళిన రోజుల్లో అన్నయ్య చర్చి పాఠాల నుంచి పిల్లని తీసుకురావడం మర్చిపోయాడు. పిల్ల చర్చి గుమ్మంలో వానకి తడుస్తూ నిలబడింది. జ్వరం ఊపిరితిత్తులకి పాకింది. అందరికీ తెలిసిన కథ ఇదే. "నీ మతిమరుపు నా బిడ్డని మింగింది" అని వదిన ఎన్నిసార్లు అందో. అన్నయ్య ఒక్కసారి కూడా మారు మాట్లాడలేదు.

"నేను మర్చిపోలేదు ఒట్టావియా," అన్నాడు ఇప్పుడు. "చర్చి దగ్గర్నుంచి నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఇంట్లో వదిలి, తలుపు వేసుకోమని చెప్పి, పక్కనే కదా అని బట్టీకి వెళ్ళాను."

వదిన రెప్ప వెయ్యలేదు.

"దాని బొమ్మకి పెళ్ళి చేద్దామనుకుందట. ఉప్పు డబ్బాలోంచి తాళంచెవి తీసింది. పెళ్ళికూతురి పాత్ర తీసింది. జారిపోయింది." అన్నయ్య ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "నేను వచ్చేసరికి పిల్ల లేదు. గది నిండా ముక్కలు. వీధులన్నీ తిరిగాను. మన పడవలో, పైన కప్పిన గుడ్డ కింద ముడుచుకుని పడుకుంది. వాన. పడవలో జానెడు నీళ్ళు. పెదాలు నల్లబడిపోయాయి. రమ్మంటే రాదే! 'అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి, అప్పుడొస్తా' అంది. ఒట్టేశాను."

"ఒట్టేశావు," అంది వదిన.

"వేశాను. ఇంటికి తెచ్చి ఒళ్ళు తుడుస్తుంటే, 'అమ్మ వచ్చేలోగా ఇంకోటి చేసెయ్ నాన్నా, నువ్వు చెయ్యగలవుగా' అంది. ఒళ్ళు కాలిపోతోంది. పక్కింటి లీదియాని కూర్చోబెట్టి వెళ్ళాను."

"డాక్టరు దగ్గరికా?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"బట్టీకి."

నేను సిలువ గుర్తు వేసుకున్నాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

"అది భయంతో వచ్చిన జ్వరమనుకున్నాను. పాత్ర తయారైతే భయం పోతుంది, భయం పోతే జ్వరం తగ్గుతుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. చేస్తున్నాను, పాములు విరుగుతున్నాయి. మళ్ళీ చేస్తున్నాను, విరుగుతున్నాయి. ఇలాంటి పని తొందరపడితే రాదు కదా. చివరికి నిలబడింది. వేడి చల్లారేదాకా పొయ్యిలోనే ఉంచాలి కాబట్టి మర్నాటిదాకా ఆగాను. తెచ్చి చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, 'ఇదే నాన్నా, అచ్చం ఇదే' అంది. నవ్వింది. అప్పటికే ఊపిరి తీస్తుంటే గురగుర వినిపిస్తోంది. ఆసుపత్రి పడవని పిలిచాను. ఆ సాయంత్రం నువ్వు పొట్లాం పట్టుకుని దిగావు."

ఆ పొట్లాంలో ఏముందో నాకు తెలుసు. పక్షి మూతి కూజా. పైన మొదటి బీరువాలో ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ ఏడుస్తున్నది అదే.

వదిన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటికేసే చూసుకుంటోంది. "ఆ గాజు ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాను," అంది.

"అన్నావు."

"కొట్టలేదు కదా ఎప్పుడూ? ఒక్కసారైనా కొట్టానా ఎలియో?"

"కొట్టలేదు."

"మరి నేనంటే అంత భయమా దానికి? వానలో, నీళ్ళలో పడుకునేంత భయమా?"

అన్నయ్య పిండి గిన్నెకేసి చూపు తిప్పుకున్నాడు. కాదు అనొచ్చు కదా, ఊరడింపుకైనా! నేను అనబోయాను. పడవలో ముడుచుకున్న ఆ పిల్లే నా కళ్ళకి కనపడుతుంటే ఏమని అబద్ధం చెప్పను?

"ఇన్నాళ్ళూ నా చేత అన్ని మాటలు పడ్డావు," అంది వదిన. "ఒక్క మాట చెప్పొచ్చుగా. ఎందుకు నీ మీద వేసుకున్నావు?"

"ఒట్టేశాను కదా," అన్నాడు అన్నయ్య. చేతిలో గరిటె పక్కన పెట్టి, "నన్ను తిట్టుకుంటూ అయినా బతికావు. నిన్ను నువ్వు తిట్టుకుంటే బతికేదానివి కాదు," అన్నాడు.

వదిన ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండునని మనసులో మరియమ్మకి మొక్కుకున్నాను కూడా. కళ్ళు పొడిగానే ఉన్నాయి. పిండి మాడిన వాసన వస్తుంటే నేనే లేచి గిన్నె దించాను. ఇల్లు కూలిపోతున్నా మాడిన గిన్నె కడగాల్సింది నేనే కదా.

బయట గట్టు మీద చెప్పుల చప్పుడు వినపడింది. వంతెన వైపు నుంచి డాక్టరమ్మ వస్తోంది.

అన్నయ్య ముందుకి వంగి వదిన మణికట్టు పట్టుకున్నాడు. "విను. అసలుదే అని చెప్పెయ్. పొడిగా ఉండే మూలన పెట్టామని చెప్పు. నేనూ చెప్తాను. ఈ దీవిలో నా మాట కాదనేవాడు ఇంకా పుట్టలేదు. దాని పేరు ఆ గుమ్మం మీద పడనీ ఒట్టావియా. రాయి మీద లేకపోయె, గుమ్మం మీదైనా ఉండనీ."

"వదినా, అన్నయ్య చెప్పినట్టు చెయ్," అన్నాను నేను కూడా. "ఒక్క అబద్ధం. దేవుడేం అనుకోడు."

వదిన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఆ గదిలో ఏం పెడతారు?" అంది.

"నీ గాజు," అన్నాడు అన్నయ్య.

"ఆ గాజు మీద దాని పేరా? దాన్ని పడవలోకి తరిమింది ఆ గాజే కదయ్యా!" మణికట్టు విడిపించుకుంది. "జనం వచ్చి, ఎంత బాగుందో అని చూసి, పైన దాని పేరు చదువుకుని వెళ్తారు. అది భయపడి చచ్చిన సామాను చూసి మెచ్చుకుంటారు. నాకొద్దు."

అన్నయ్యకి దగ్గు తెర వచ్చింది. వదిన అతని వీపు నిమిరింది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. దగ్గు తగ్గేదాకా ఉండి, పొడిపాత్రని తీసి అతని రెండు చేతుల్లో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో. ఇదొక్కటే డోరీనాది."

అంతే, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. వీధి తలుపు గంట మోగింది. తలుపు తియ్యాలా, పైకి వెళ్ళాలా తెలీక నేను కాసేపు మధ్యలో నిలబడిపోయాను. అప్పుడు పైనుంచి గాజు మీద గాజు పడిన చప్పుడు వచ్చింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తాను.

వదిన నా బట్టల బుట్ట తెచ్చుకుని బీరువా ముందు పెట్టుకుంది. ఎప్పుడూ పువ్వులా పట్టుకునే గాజుని వట్టి చేతులతో తీసి బుట్టలో వేస్తోంది. మధ్యలో చిన్న పేలిక కూడా లేదు. పక్షి మూతి కూజా అడుగున ఉంది, మూతి విరిగి. మీద దీపం. దాని మీద ఏడ్చే పెళ్ళిపాత్ర. చేతులు మోచేతుల దాకా జిగటగా తడిసిపోయాయి.

"వదినా, నీకేమైనా పిచ్చా? ఏం చేస్తున్నావు?"

"పక్క బట్టీలో కుండ ఇప్పుడు వేడిగానే ఉంటుంది కదూ?" అంది, పాల ధర అడిగినంత మామూలుగా.

"ఉంటుంది. ఎందుకు?"

"బుట్ట బరువుగా ఉంది. రెండో చెవి నువ్వు పట్టుకో."

పట్టుకోకూడదని నాకు తెలుసు. డాక్టరమ్మని కేకెయ్యాలని తెలుసు. అన్నయ్యని పిలవాలని తెలుసు. వదిన మొహం చూశాను. పట్టుకున్నాను.

మా మెట్లు ఇరుకు. సగం దిగేసరికి డాక్టరమ్మ ఎదురొచ్చింది, తలుపు అన్నయ్య తీసినట్టున్నాడు. ఆమె వెనకాల అన్నయ్య, గోడకి ఆనుకుని, రొప్పుతూ, పొడిపాత్రని గుండెకి అదుముకుని నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ బుట్టలోకి చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు. రెండు చేతులూ చాచి గోడకీ గోడకీ అడ్డంగా పెట్టి దారి మూసేసింది.

"సిన్యోరా! ఇవన్నీ ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"కుండలోకి. మా అమ్మాయి పగలగొట్టిన దాని దగ్గరికి," అంది వదిన. "తప్పుకోమ్మా."

ఇంకో మెట్టు దిగింది.